అడిగితేనే చెప్పాలా?

బెండకాయలు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? కొస విరిచి చూస్తాం. టక్కున విరిగితే లేత, విరక్కుండా వంగితే ముదురు. "అన్నీ విరిచేస్తే నేనెవరికి అమ్ముకోనమ్మా?" అని బండివాడు గోల పెడుతూనే ఉంటాడు, మనం విరుస్తూనే ఉంటాం. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం. చీర మడతలు విప్పించి లోపలి కొంగు దాకా చూస్తాం. ఇదంతా అమ్మేవాడి మీద అపనమ్మకమని మనం అనుకోం. అతనూ అనుకోడు. కొనటమంటే అంతే.

సరే, ఆ బెండకాయలు ముదిరిపోయాయని బండివాడికి తెలుసు. మీరు తొందరలో ఉండి విరిచి చూడలేదు. "ముదురమ్మా, ఇవాళ తీసుకోకండి" అని అతను తనంతట తాను చెప్పాలా? చెప్పకపోతే మోసం చేసినట్టేనా? బెండకాయల దగ్గర ఈ ప్రశ్న వేస్తే నవ్వుతారు. పోతే ఇరవై రూపాయలు, ఒక పూట కూర. కానీ వస్తువు పెద్దదయ్యేకొద్దీ ఈ నవ్వు తగ్గిపోతుంది.

నాకీ సందేహం గట్టిగా పట్టుకున్నది ఒక పాత స్కూటరు వల్ల.

మా తమ్ముడి కూతురు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. షోరూముల్లో ఉన్న కొత్త బళ్లన్నీ కాదని దానికి కైనెటిక్ హోండా కావాలిట. మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1984లో వచ్చిందా బండి. అంతకుముందు స్కూటరంటే ఎడమచేత్తో గేర్లు తిప్పాలి, కాలితో తన్నాలి, మొండికేస్తే పక్కకి వంచి మళ్లీ తన్నాలి. చీర కట్టుకుని చేసే పనులా అవి? దీనికి గేర్లు లేవు, క్లచ్చి లేదు. మీట నొక్కితే స్టార్టయ్యేది. మా మరదలు ఈ పిల్లని ముందు నిలబెట్టుకుని దానిమీదే ఆఫీసుకి వెళ్లేది, దారిలో స్కూలు దగ్గర దింపి. అదీ ఈ సరదా వెనక ఉన్న అసలు సంగతి. ఆ పెట్రోలు బండి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కనక ఎవరింట్లోనైనా మూలపడి ఉన్నది వెతుక్కోవలసిందే.

అన్నట్టు, పాతబండి కదా అని వింటేజి అనేయకండి. 2021లో కేంద్రప్రభుత్వం పెట్టిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటితేనే బండికి ఆ మర్యాద. అంతవరకూ అది వట్టి పాతదే. మనలో కొందరం ఆ పరీక్ష ఎప్పుడో ప్యాసయ్యామనుకోండి, అది వేరే సంగతి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక రిటైరైన టీచరుగారి దగ్గర ఒకటి ఉందని తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. 1991లో తనే కొత్తది కొనుక్కున్నారు. చేతులు మారని బండి. మోకాళ్లు సహకరించక పదేళ్లుగా దాన్ని ఎక్కువగా బయటికి తియ్యటం లేదు. ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మెకానిక్ నొకతన్ని ఐదువందలిచ్చి వెంట తీసుకువెళ్లాం.

అతను బండి చూసిన పద్ధతి నాకు భలే నచ్చింది. ముందు రంగూ చూడలేదు, సీటూ చూడలేదు. వంగి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. "చల్లగా ఉందమ్మా, పెద్దావిడ మంచిదే" అన్నాడు. నాకర్థం కాలేదు. స్టార్టింగు ట్రబులున్న బండిని కొందరు మనం వెళ్లేసరికి పదిసార్లు తన్ని వేడెక్కించి ఉంచుతారుట. చల్లటి ఇంజనైతే నిజం చెబుతుందిట. స్టార్టు చేశాడు. ముందు పొగ గుప్పున వచ్చి క్రమంగా తగ్గింది. అలా తగ్గాలిట. తర్వాత స్టాండు మీద ఉంచే ఎక్సిలేటరు వదిలేసి వెనకచక్రం చూశాడు. చక్రం జోరుగా తిరుగుతుంటే లోపలి క్లచ్చి పట్టు వదలటం లేదన్నమాట.

గేర్లు లేని బండి ఎలా నడుస్తుందో ఇన్నాళ్లకి నాకు తెలిసింది. ఎడమపక్క మూత విప్పితే రెండు కప్పీలు, వాటి మధ్య రబ్బరుబెల్టు, అచ్చం మన కాలితో తొక్కే కుట్టుమిషనుకి ఉన్నట్టే. వేగం పెరిగేకొద్దీ ముందు కప్పీ రేకులు దగ్గరికొస్తాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. అదే గేరు మారటం. వెనకున్న క్లచ్చి ఇంకా చిత్రం. ఆడపిల్ల గిరగిర తిరిగితే పరికిణీ గొడుగులా విచ్చుకోదూ? అలా తిరిగే వేగానికి ముక్కలు విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెని పట్టుకుంటాయి. మా బెల్టు మీద పగుళ్లున్నాయి. మార్చాలన్నాడు. కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు ఎత్తి తుప్పు చూశాడు. ఆర్‌.సి. పుస్తకంలో ఉన్న ఇంజను నెంబరూ, ఛాసిస్ నెంబరూ బండి మీద వాటితో సరిపోల్చాడు. 15 ఏళ్లు దాటిన బండి గనక ఐదేళ్లకోసారి రెన్యువలు చేయించారా లేదా అని చూశాడు. చేయించారు. టీచరుగారు కదా!

అంతా అయ్యాక ఆవిడ కాఫీ ఇస్తూ, "ఒకటి చెప్పాలి తల్లీ. ఒకసారి ఆటో గుద్ది పడిపోయాను. ముందు ఫోర్కు సరిచేయించాను కానీ, కొంచెం ఎడమకి లాగుతుంది. జాగ్రత్తగా పట్టుకోవాలి" అన్నారు. మెకానిక్ అది కనిపెట్టలేదు. మేమూ అడగలేదు.

ధర ఐదువేలు. పాతసామానువాడు మూడువేలకి అడిగాడుట. నడుపుకుంటానంటోంది గనక ఈ పిల్లకి ఐదు.

కాఫీ తాగి గుమ్మం బయటికి రాగానే మెకానిక్ మా చెవిలో వేశాడు: "నోరు మెదపకండమ్మా. ఒక్క చేతిలో ఉన్న బండి. పాతబళ్ల సరదా ఉన్నవాళ్లకి చూపిస్తే పాతికవేలు కళ్లు మూసుకుని ఇస్తారు."

మా పిల్ల నా వంక చూసింది. నేను తల ఊపాను. అది మళ్లీ లోపలికి వెళ్లి, "మామ్మగారూ, ఈ బండికి ఇంకా చాలా ఎక్కువే వస్తుందిట" అని చెప్పేసింది.

ఆవిడ సంతోషించారనుకుంటున్నారా? ముఖం చిన్నబోయింది. పాతసామానువాడు తనని మోసం చెయ్యబోయాడని కోపం వచ్చింది. మమ్మల్ని కూడా కాస్త అనుమానంగానే చూశారనిపించింది. "అయితే మా అబ్బాయితో మాట్లాడి చెబుతాను" అన్నారు. మేం ఆటో ఎక్కి ఇంటికొచ్చాం.

మా తమ్ముడు ఫోనులో ఒకటే చివాట్లు. "అక్కా, అమ్మేవాడు లోపం చెప్పాలంటే అర్థముంది. కొనేవాడు ధర పెంచటం లోకంలో ఎక్కడైనా ఉందా?"

చట్టం మా తమ్ముడి పక్షమే. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షను ఉంది. తెలిసి మాట్లాడకుండా ఊరుకోవటం దానంతట అది మోసం కాదంటుంది. దానికి ఉదాహరణగా ఒక గుర్రాన్ని తెచ్చింది. ఒకడు జబ్బుగుర్రాన్ని వేలం వేశాడు, జబ్బు సంగతి చెప్పలేదు. అది మోసం కాదు. ధర్మరాజు ఏనుగు మాటని గొంతు తగ్గించి అన్నాడు, ఇతను ఆ కష్టం కూడా పడనక్కర్లేదు! కానీ అక్కడే ఇంకో రెండు ఉదాహరణలున్నాయి. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే చెప్పి తీరాలిట. అలాగే, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అని కొనేవాడు అంటే, అప్పుడు మౌనం కూడా మాట కిందే లెక్కట. నూటయాభై ఏళ్ల నాటి చట్టంలో కూతురు గుర్రం కొనుక్కోవటం చూసి నాకు ముచ్చటేసింది.

ఈ తగువు ఇప్పటిది కాదు. రోములో సిసిరో అనే ఆయన క్రీస్తుపూర్వం 44లో, ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు కోసం కర్తవ్యాల మీద పుస్తకం రాశాడు. అందులో ఒక ధాన్యం వర్తకుడొస్తాడు. రోడ్సు దీవిలో కరువు. ఇతను ఓడనిండా ధాన్యంతో దిగాడు. వెనక ఇంకా ఓడలొస్తున్నాయని ఇతనికొక్కడికే తెలుసు. ఆ మాట చెబితే ధర పడిపోతుంది. డయోజెనీసు అనే పండితుడు చెప్పనక్కర్లేదంటాడు. దాచటం వేరు, చెప్పకపోవటం వేరుట. ఆయన శిష్యుడు ఆంటిపేటరేమో అంతా చెప్పాల్సిందే అంటాడు. సిసిరో శిష్యుడి వైపే మొగ్గాడు.

తమ్ముడికి జవాబు కూడా అందులోనే దొరికింది. స్కేవొలా అనే పెద్దమనిషి ఒక పొలం కొనబోతూ ఒక్కటే ధర చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. "నా లెక్కలో దీని విలువ అంతకంటే ఎక్కువ" అని స్కేవొలా ఇంకో లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చాడు. కాబట్టి లోకంలో ఉంది. అది తెలివైన పనేనని అందరూ ఒప్పుకోలేదని కూడా సిసిరో రాశాడు, మా తమ్ముడి తృప్తి కోసం కాబోలు.

తమ్ముడి దగ్గర ఇంకో బాణం ఉంది, అదంత తేలిగ్గా తోసేసేది కాదు. "ఆ విలువ మీకు ఊరికే తెలియలేదు. ఐదువందలిచ్చి తెలుసుకున్నారు. కష్టపడి సంపాదించిన తెలివి ఎదుటివాడికి పంచిపెట్టాలంటే ఇంక ఎవడూ ఏదీ నేర్చుకోడు" అన్నాడు. నిజమే. ఇరవయ్యేళ్లు పాతపుస్తకాల దుకాణాల చుట్టూ తిరిగిన మనిషి ఒక అరుదైన ప్రతిని పది రూపాయలకి కొంటే నేను తప్పు పట్టను. ఆ కన్ను అతని సంపాదన. ఆ టీచరుగారు కూడా, "నాకేం తెలీదు, చూసుకుని కొనుక్కోండి" అని ఊరుకుని ఉంటే, నేను తల ఊపేదాన్ని కాదేమో. ఈ మాట చెప్పటానికి నాకు సిగ్గు లేదు.

కానీ ఆవిడ ఫోర్కు సంగతి చెప్పారు. అడక్కుండానే, తన ధర తగ్గే ప్రమాదం ఉన్నా. అక్కడితో బేరం స్వభావమే మారిపోయింది. అప్పటిదాకా మేం చూసుకుని కొనేవాళ్లం, ఆవిడ అమ్మేమనిషి. ఆ మాటతో ఆవిడ మా పిల్లని గుర్రం కొనబోయే కూతురి వరసలో పెట్టేశారు. తర్వాత మేం మాత్రం చట్టం చాటున నిలబడతామంటే ఎలా?

ఇలా చెప్పేవాళ్లు ఎందుకు తక్కువో 1970లో అకర్‌లాఫ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త పాతకార్ల బజారుని చూపించి వివరించాడు. ఏ బండిలో ఏముందో కొనేవాడికి తెలియదు గనక అన్నిటికీ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచిబండి ఉన్నవాడు ఇంట్లోనే పెట్టుకుంటాడు. బజారులో మిగిలేవి పనికిరానివి. 2001లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. సత్యనారాయణపురంలో వరండాలో గుడ్డ కప్పుకుని ఉన్న ఆ స్కూటరుని చూస్తే నాకు ఆయన చెప్పింది తేలిగ్గానే అర్థమైంది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. "బండి వచ్చిందా మరి?" అన్నాడు.

రాలేదు. మూడు వారాలైంది, టీచరుగారి దగ్గరనుంచి ఫోను లేదు. వాళ్లబ్బాయి ఏం చెప్పాడో తెలియదు. మనం చేసి అడుగుదామంటే, తొందరపెట్టినట్టుంటుంది వద్దు అత్తా అంటుంది మా పిల్ల. మొన్న ఆదివారం మాత్రం మెకానిక్ చేత ఎక్కడినుంచో ఆ బండికి సరిపడే కొత్త బెల్టు ఒకటి తెప్పించి బీరువాలో పెట్టుకుంది.