తుపాకీ చేతికిచ్చినవాడి పాపం

చంపాలన్న తలంపే లేకుండా చంపినవాడికి పాపం ఉందా? ఉంటే ఎంత? అయోధ్యకాండ చెప్పేటప్పుడల్లా పిల్లలు ఈ ప్రశ్న అడిగేవారు. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు మేష్టారిగా పనిచేసినవాణ్ణి. ఎన్‌సీసీ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. అంచేత క్లాసులో దశరథుడి బాణం, క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిలు, రెండూ నా పాఠాలే అయ్యాయి. ఈ రెంటినీ కలిపి చెప్పమని ఏ సిలబస్సూ అడగదు. అడిగితే బాగుండేది.

కథ అందరికీ తెలిసిందే. వానాకాలం, చిమ్మచీకటి, సరయూ తీరం. దశరథుడు అప్పటికింకా యువరాజు, పెళ్లి కాలేదు. నీళ్లలో బుడబుడమని చప్పుడైంది. ఏనుగనుకున్నాడు, చప్పుడు వచ్చిన దిక్కుకు బాణం వదిలాడు. కుండ ముంచుకుంటున్న మునికుమారుడికి తగిలింది. మనం శ్రవణకుమారుడంటాం గానీ వాల్మీకి ఆ కుర్రవాడికి పేరు పెట్టలేదు.

"ఏనుగనుకున్నాడు కదండీ, పాపం!" అని క్లాసు సగం దశరథుడి పక్షం చేరేది. రేంజిలో నిలబడినవాడికి ఆ జాలి అంత సులువుగా రాదు. కంటితో చూడనిదాని మీద కాల్చకూడదన్నది కొత్త కేడెట్‌కు మొదటిపూట చెప్పే మాట. ఎదురుగా ఉన్నదేమిటో తెలియాలి, దాని వెనక ఏముందో కూడా తెలియాలి. చప్పుడును బట్టి గురి కొట్టే శబ్దవేధి విద్య ఈ రెంటినీ పక్కకు నెట్టి సంపాదించిన గొప్ప. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి దశరథుడు కౌసల్యకు ఈ కథ చెబుతూ ఏనుగు మీద నెపం పెట్టడు. శబ్దవేధి అన్న పేరు మోజులో ఈ పాపం చేశానంటాడు. అంటే తప్పు చప్పుడు విన్న క్షణంలో లేదు. ఆ పేరు విని మురిసిపోయిన రోజుల్లోనే మొదలైంది.

చంపాలన్న తలంపు లేని చావు మన కాలంలోనూ ఒకటి జరిగింది. 2014 ఆగస్టు 25న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, వైట్ హిల్స్ దగ్గరున్న ఒక షూటింగ్ రేంజిలో తొమ్మిదేళ్ల అమ్మాయి చేతిలోని తుపాకీ పేలి, కాల్చడం నేర్పుతున్న మనిషి చనిపోయాడు. లాస్ వేగాస్‌కు వచ్చే సందర్శకులు సరదాగా వెళ్లే చోటది. అమ్మాయి తల్లిదండ్రులతో వచ్చింది. నేర్పినవాడికి 39 ఏళ్లు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఆయుధం 9 మిల్లీమీటర్ల ఉజీ. మొదట ఒక్కొక్క గుండే పేలేలా పెట్టి కాల్పించాడు. బాగానే కాల్చింది. తర్వాత ట్రిగ్గర్ వదిలేదాకా వరసగా పేలే పద్ధతికి మార్చాడు. తాను ఆమె ఎడమ పక్కనే నిలబడ్డాడు.

తర్వాత జరిగినది బొత్తిగా యంత్రానికి సంబంధించిన సంగతి. గుండు బయటికి పోయినప్పుడల్లా తుపాకీ వెనక్కి తంతుంది, మూతి పైకి లేస్తుంది. ఒక్క గుండైతే పెద్దల చెయ్యి దాన్ని దించుకుంటుంది. ఉజీ లాంటివి నిమిషానికి ఆరు వందలకు తక్కువ కాకుండా పేలుస్తాయి, అంటే సెకనుకు పది. చెయ్యి సర్దుకునే లోపల రెండోది తంతుంది, మూడోది తంతుంది. భయపడ్డ చెయ్యి వదలదు, ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, బిగుసుకున్న వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. తొమ్మిదేళ్ల మణికట్టు ఎంత ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఆ తుపాకీ తనకు మించిపోయిందని ఆ అమ్మాయే తర్వాత చెప్పిందట. పోలీసులు దీన్ని ప్రమాదంగానే చూశారు.

ఇంతకంటే ముందే, 2008 అక్టోబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో ఒక తుపాకీల ప్రదర్శనలో ఎనిమిదేళ్ల పిల్లవాడు చిన్న ఉజీ కాలుస్తూ, అది పైకి ఎగిరి తనకే తగిలి చనిపోయాడు. ఆయుధం అదే రకం, కారణం అదే. ఆరేళ్ల దూరం మాత్రమే.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. దీని మీద మన దేశంలో పెద్ద తగవే నడిచింది, అదీ బౌద్ధులకూ జైనులకూ మధ్య. బుద్ధుడు కర్మను సంకల్పంతో కొలిచాడు. ధమ్మపద వ్యాఖ్యానంలో మొదటి కథే చక్షుపాలుడిది. చూపు పోయిన స్థవిరుడు, వాన వెలిశాక నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చాయి. తోటి భిక్షువులు ఫిర్యాదు చేశారు. అతను వాటిని చూడలేదు, చంపాలన్న కోరికా లేదు, దోషం లేదన్నాడు బుద్ధుడు. జైనులు దీన్ని ఒప్పుకోలేదు. సూత్రకృతాంగంలో ఆర్ద్రకుడు బౌద్ధులతో వాదిస్తాడు. పసివాణ్ణి సొరకాయ అనుకొని చంపితే పాపం అంటదని వాళ్లంటే, అదుపు గల మనిషి అలా పొరబడతాడా, ఆ పొరపాటు నోటితో అనడమే తప్పు అని ఇతను కొట్టిపారేస్తాడు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఇంకా పొందికగా చెప్పింది: ఏమరుపాటు వల్ల ప్రాణం తీయడమే హింస. అందులో ద్వేషం గురించి ఒక్క మాట లేదు.

నాకైతే చాలాకాలం బుద్ధుడి మాటే నచ్చేది. దయగా ఉంటుంది మరి. రేంజిలో నిలబడ్డాక జైనులు చెప్పింది అర్థమైంది. ఒక క్యాంపులో ఓ కేడెట్ రైఫిలు టిక్కుమంది గానీ పేలలేదు. కొత్తవాడు ఏం చేస్తాడు? పడుకున్నవాడు పడుకున్నట్టే రైఫిలుతో సహా వెనక్కి తిరిగి, "సార్, పేల్లేదు సార్" అంటాడు. వాడూ అదే చేశాడు. పక్కనున్న సైన్యం హవల్దారు ఒక్క మాటయినా అనకుండా బ్యారెల్‌ను నేలకు అదిమి, బోల్టు లాగి గుండు తీసేశాడు. అప్పుడు తిట్టాడు, హిందీలో, చాలాసేపు. ఆ కుర్రవాడిలో చెడ్డ ఉద్దేశం వెతికితే గోరంత దొరకదు. మేష్టారు అడిగితే తిరిగి జవాబు చెప్పడం బళ్లో నేర్చుకున్న మర్యాద. దాన్నే ఇక్కడా పాటించాడు. వాడు అలా తిరుగుతాడని ముందే తెలిసి, చెయ్యి అందేంత దగ్గరలో నిలబడడం హవల్దారు పని. ఆ దూరం కొలుచుకొని నిలబడ్డాడు గనుకనే మేమందరం భోజనాలకు వెళ్లాం.

కాల్పులయ్యాక ఖోకాలు, అంటే గుండు పేలాక మిగిలే ఖాళీ తొడుగులు, లెక్కపెడతారు. ఇచ్చిన గుళ్లకూ ఏరిన ఖోకాలకూ లెక్క సరిపోవాలి. తన దగ్గర గుండు గానీ ఖోకా గానీ లేదని ప్రతి కేడెట్టూ పైకి చెప్పాలి. ఒక్క ఖోకా తగ్గితే గడ్డి పరక పరకా వెతికిస్తారు. పిల్లలకు విసుగు. నాకది మా అమ్మ మడిలా కనిపించేది: మనసు బాగున్నా లేకపోయినా చెయ్యి తన పని తాను చేసుకుపోవాలి. ఏమరుపాటుకు ఇదొక్కటే విరుగుడు.

చట్టమూ ఇదే దారిలో ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 80వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. ఒకడు గొడ్డలితో పనిచేస్తుంటే దాని తల ఊడి తగిలి పక్కవాడు చనిపోయాడు, పనిచేసినవాడి జాగ్రత్తలో లోపం లేకపోతే నేరం కాదు. కొత్త న్యాయసంహితలో ఇది 18వ సెక్షన్. బైబిల్ ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలోనూ ఇదే గొడ్డలి, ఇలాగే ఊడుతుంది. అయితే అక్కడ ఆ మనిషి నిర్దోషి అయినా ఆశ్రయపురానికి పరుగెత్తి ప్రాణం దక్కించుకోవాలి, చనిపోయినవాడి బంధువు వెంటపడతాడు గనుక. పాపం లేకపోయినా పరుగు తప్పదన్నమాట. ఇది నిజానికి దగ్గరగా ఉంది.

ఇక పిల్లల సంగతి. భారతం ఆదిపర్వంలో మాండవ్యుణ్ణి కొరత వేస్తారు. ఏ పాపానికి ఇంత శిక్ష అని ఆయన యమధర్మరాజునే నిలదీస్తాడు. చిన్నప్పుడు ఎగిరే పురుగులను గడ్డిపుల్లతో గుచ్చావన్నది జవాబు. మాండవ్యుడు ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ల లోపు చేసినదానికి పాపం లేదని కట్టడి చేసి, ధర్మదేవతనే మనిషిగా పుట్టమని శపించాడు. ఆయనే విదురుడు. ఆ పురుగులను ఆ పిల్లవాడు కావాలనే గుచ్చాడు, అయినా పాపం లేదన్నారు. మరి కావాలని ఏమీ చేయని అరిజోనా అమ్మాయి సంగతి అడగనే అక్కర్లేదు.

అక్కడ నన్ను కదిలించింది మరొకటి. చనిపోయిన శిక్షకుడి పిల్లలు ఆ అమ్మాయిని ఉద్దేశించి ఒక వీడియో చేశారు. నీ మీద మాకు కోపం లేదు, నీ గురించే బాధగా ఉందన్నారు. సరయూ ఒడ్డున బాణం తగిలిన కుర్రవాడు దశరథుణ్ణి శపించలేదు, శాపం వెనక మిగిలినవాళ్ల నుంచి వచ్చింది. ఆ గుడ్డి తండ్రి కూడా, తెలియక చేశావు గనుక, నీకై నువ్వే వచ్చి చెప్పావు గనుక బతికావు, లేకపోతే తల ముక్కలయ్యేదంటాడు. అంటాడు గానీ పుత్రశోకంతో పోతావని శపించకుండా ఉండలేకపోయాడు. తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్లలు ఉండగలిగారు.

కాబట్టి నా తీర్పు ఇలా రెండుగా ఉంటుంది. నేర్చుకునేవాణ్ణి బుద్ధుడి కొలతతో చూడాలి, నేర్పేవాణ్ణి ఉమాస్వాతి కొలతతో. ఒకరికి ఉద్దేశం, ఒకరికి మెలకువ. ఆ శిక్షకుడు ప్రాణంతోనే చెల్లించాడు, ఆయన మీద నేను ఇంకేమీ మోపను. ఆ పని తెలియనివాడు కాదు, బాగా తెలిసినవాడు. ఏమరుపాటు తెలియనివాడి దగ్గరకంటే తెలిసినవాడి దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటుంది, దశరథుడి దగ్గర కూర్చున్నట్టే. తొమ్మిదేళ్ల చేతికి వరస తుపాకీ ఇవ్వడం సరదాగా తోచిన పెద్దలందరికీ ఇందులో వాటా ఉంది.

మన ఊళ్లలో ఉజీలు లేవు, బైకులున్నాయి. కాలు నేలకు అందని కొడుకును ముందు కూర్చోబెట్టి హ్యాండిల్ ఇచ్చి, వెనక కూర్చొని మురిసిపోయే తండ్రులను నేను రోజూ చూస్తున్నాను. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తండ్రినో బండి యజమానినో నేరస్తుడిగా లెక్కిస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు.