పిల్లి జాగల పిల్లి

మల్లాపూర్‌లో మా చిన్నమ్మను పరామర్శించడానికి పోతున్నానంటే కోరుట్ల స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. పోయింది పిల్లి మరి. ఎవరింట్లోనో మందు తిన్న ఎలుకను ఇది తిన్నదని వాడకట్టు అనుకుంటోంది. దొడ్లో కల్యామాకు చెట్టు కింద చిన్నమ్మే పాతిపెట్టింది. అప్పటి నుంచి ఆమె చుట్టే బీడీలు సగానికి సగం తగ్గాయి. ఏడుస్తున్నావా అంటే తంబాకు ఘాటు అంటుంది.

ఆ పిల్లికి పేరు లేదు. చాట ఎప్పుడూ చిన్నమ్మ ఒళ్లోనే ఉంటుంది కాబట్టి దానికి ఒడీ దొరకలేదు. తడిపిన తునికాకు చుట్టిపెట్టిన గోనెసంచి చల్లగా ఉంటుందని ఎండాకాలమంతా దాని మీదే పడుకునేది. దారం చుట్టే వేళ్లు కాసేపు ఆగితే మాత్రం మేస్త్రి లెక్క తలెత్తి చూసేది.

"వాడకట్టోళ్లు ఏమంటున్నరు చిన్నమ్మా?"

"ఏమంటరు? కొడుకు మస్కట్ల ఉండవట్టె, అందుకే పానమంతా పిల్లి మీద పెట్టుకున్నదంటరు."

"అబద్ధమా మరి?"

"కొడుకు ఇంటికాడ ఉన్నప్పుడు గూడ పిల్లి ఉండె గదా. గప్పుడేం జెప్పాలె? కొడుకు జాగల పిల్లి లేదు బిడ్డా. పిల్లి జాగల పిల్లి ఉండె."

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డ సంగతీ, గల్ఫ్ వీసాల సంగతీ లేకుండా ఈ మండలంలో ఎవరి కథా మొదలుకాదు. అందుకే మాకు ఎవరు ఏడ్చినా కారణం చేతిలో సిద్ధంగా ఉంటుంది. చిన్నమ్మ ఆ కారణాన్ని పక్కకు నెట్టేసింది. నాకు పంతులు బుద్ధి ఊరుకోలేదు.

"భరతుడని ఒక రాజుండె. అన్నీ ఇడిసి అడవికి పోయి, అక్కడ జింకపిల్లను సాదుకున్నడు. పానం పోయేటప్పుడు గూడ మనసంతా దాని మీదనే. అందుకని జింకై పుట్టిండు."

పోతన భాగవతం అని మనం అలవాటుగా అంటాం గానీ ఈ కథ ఉన్న పంచమ స్కంధం తెలుగు చేసింది గంగన. మమకారం పెంచుకోవద్దని చెప్పడానికే పెద్దలు దీన్ని వాడతారు, నేనూ అందుకే ఎత్తుకున్నాను.

"జింకై పుట్టినంక పాతదంతా మరిచిండా?"

"లేదు. గుర్తున్నదట."

"మరింకేం నష్టం?"

జవాబు లేక పద్ధతుల వైపు తిరిగాను. మనిషి పోతే మూడో రోజు, పదకొండో రోజు అని ఉంటాయి. పిట్టకు పెడతాం, ముట్టిందాకా చేతులు జోడించి నిలబడతాం. 2023లో సిరిసిల్ల వైపు పల్లెల్లో తీసిన 'బలగం' సినిమా కథంతా ఆ ముట్టని పిట్ట చుట్టే తిరుగుతుంది. దుఃఖానికి అదొక దారి. పిల్లికి ఆ దారి లేదు కదా అన్నాను.

"మా అత్త పోయినప్పుడు పిట్ట ముట్టకపాయె. చిన్నోని పెండ్లి మంచిగ జేస్తమని మాటిస్తే అప్పుడు ముట్టింది. దీనికి పెడితే కాకి ఒక్క నిమిషం గూడ ఆగదు."

"ఎందుకట్ల?"

"దీని భయానికే గదా ఇన్నొద్దులు దొడ్లెకు రాకపాయె!"

ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆమే అంది: "దీనికి కోరికలు లేవని గాదు. చాపతల కనవడితే పానమిడుసు. గని మన మీద మొకం మాడ్సుకొని పోలే. మా అత్త మాడ్సుకొని పోయింది."

మనిషి కోసం ఏడ్చే ఏడుపులో కొంత అప్పు ఉంటుంది. అనరాని మాట అన్నామనో, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకుపోయామనో. తంతులో చాలా భాగం ఆ అప్పు తీర్చడానికే అని నా అనుమానం. పిల్లి దగ్గర తీర్చాల్సిందేమీ లేదు, లేకపోవడం ఒక్కటే ఉంది.

"ధర్మరాజు కుక్క కథ ఎరుకేనా?" అన్నాను. "ఎంటొచ్చిన కుక్కను ఇడిసి స్వర్గానికి రానన్నడు."

"మంచోడు."

"ఆఖరికి ఆ కుక్క యమధర్మరాజేనని తేలింది."

చిన్నమ్మ కత్తెర కింద పెట్టింది. "అట్లనా? పాడు జేసిన్రు."

"తెల్వకముందే రానన్నడు గదా?"

"ఆయన అన్నడు. కథ జెప్పినోనికే మనసొప్పలే. ఉట్టి కుక్క కోసం రాజు స్వర్గం ఇడిసిండంటే నవ్వుతరని దేవుణ్ని జేసిండు."

మహాప్రస్థానిక పర్వాన్ని నేను ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఈ ముక్క ఒక్క పిల్లవాడూ అనలేదు, నాకూ తట్టలేదు.

చివరి అస్త్రంగా సైప్రస్ దీవి సంగతి తీశాను. అక్కడ తవ్వకాల్లో దాదాపు 9,500 ఏళ్ల కిందటి మనిషి గుంత పక్కనే ఇంకో గుంతలో పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"ఆ పిల్లికెన్నేండ్లు?"

"ఎనిమిది నెలలు కావచ్చట."

"పిల్లనే. రోగమొచ్చి పోయిందో, పెద్దాయన పోయిండని సంపి పక్కకు పెట్టిన్రో. సంపి పెడితే గది ప్రేమ గాదు."

శాస్త్రజ్ఞులకూ ఆ అనుమానం ఉందని చెప్పాను. పట్టించుకోలేదు.

"తమ్మునికి చెప్పినవా?"

"చెప్పలే. ఫోన్ జేస్తే ముందుగాల దాన్నే సూపెట్టుమంటడు. పండుకున్నదన్న."

బాబాయి పోయినప్పుడు తమ్ముడు దహనం వీడియో కాల్‌లోనే చూశాడు. ఈ పల్లెల్లో అట్లా చూసిన కొడుకులు చాలామంది. సెలవు దొరకనివాడికి చావు కబురు దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. దాచిపెట్టి నువ్వు పిల్లికి మనిషి చావంత బరువిచ్చినవు చిన్నమ్మా అనబోయి ఆగాను. అది కూడా దాన్ని పిల్లిగా ఉండనీయకపోవడమే.

ఇంతలో ఫోన్ మోగింది. మస్కట్ నంబరే. చిన్నమ్మ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు జెప్పు. సారువు గదా, మాటలొస్తయి."

"ఏమని చెప్పాలె?"

"పిల్లి సచ్చిందని జెప్పు. భరతుడు గిరతుడు అనకు."