జట్టు భాష, ఇంటి భాష

పదిమంది కలిసి ఒక పని చేయాలంటే ఎవరు ఎంత వదులుకోవాలి? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు నుంచి కాలేజీ హాస్టలు దాకా, ఆ తర్వాత ఉద్యోగం దాకా మన పిల్లల వెంటే నడుస్తుంది. ఇదే ప్రశ్నను ఈసారి వీడియో గేముల పోటీల్లో పెట్టి చూద్దాం. సిగ్నల్ అందే గూడేల్లో మన యువకులు నలుగురేసి స్క్వాడ్ కట్టి ఫోన్లలో ఆడుతూనే ఉన్నారు కదా.

కొందరు ఉపాధ్యాయులు దీన్ని ఉత్త కాలక్షేపం అనవచ్చు. కానీ 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు. మన దేశంలో 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుగా గుర్తించింది. పందెపు ఆటల జోలికి పోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాల్సిందే. ఇక్కడ మాట్లాడేది జట్టు ఆట గురించి.

'డోటా 2' అనే ఆటలో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. దాని ప్రపంచ పోటీ పేరు 'ది ఇంటర్నేషనల్'. 2018లో ఆ పోటీకి కొన్ని నెలల ముందు 'ఓజీ' అనే జట్టు నుంచి ఇద్దరు ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కోచ్‌ను ఆటలోకి దించారు, పెద్ద వేదిక మీద అనుభవం లేని ఒక ఫిన్లాండ్ కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. చివరకు జట్టులో డెన్మార్క్ వాడొకడు, ఫ్రాన్స్ వాడొకడు, ఫిన్లాండ్ వాళ్ళిద్దరు, ఆస్ట్రేలియా వాడొకడు. అందరికీ తెరిచి ఉండే అర్హత పోటీల నుంచి మొదలుపెట్టి, ఫైనల్లో చైనా జట్టును ఓడించి గెలిచారు. 2019లో షాంఘైలో అదే ఐదుగురు మళ్ళీ గెలిచారు. ఆ కప్పు రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు వాళ్ళదే.

'కౌంటర్ స్ట్రైక్' ఆటలో 2022లో ఆంట్వెర్ప్ మేజర్ గెలిచిన 'ఫేజ్' జట్టుదీ ఇదే తీరు. డెన్మార్క్, నార్వే, ఎస్టోనియా, లాత్వియా, కెనడా: ఐదుగురివీ ఐదు దేశాలు.

ఈ ఆటల్లో మాట ప్రాణం. మ్యాపులో ప్రతి మూలకు, ప్రతి గుమ్మానికి ఒక పేరు ఉంటుంది. శత్రువు కనబడగానే ఆ పేరు ఒక్క మాటలో చెప్పాలి. అది అందరికీ ఒకేలా అర్థం కావాలి. మన పెద్దలకు ఇది వింత కాదు. ఇటుకల పండుగ నాడు వేటకు వెళ్ళినవాళ్ళకు ప్రతి గెడ్డకూ, ప్రతి బండకూ పేరు తెలుసు. ఒక్క కేక వేస్తే ఎవరు ఎటు కాపు కాయాలో అర్థమైపోయేది. పేర్లు పంచుకోని గుంపు జట్టు కాలేదు.

అయితే రకరకాల మనుషులను ఒకచోట చేర్చగానే బలం వచ్చేస్తుందా? రాదు. 2018లో 'ఓవర్‌వాచ్' లీగ్‌లో 'షాంఘై డ్రాగన్స్' జట్టు చైనా ఆటగాళ్ళతో మొదలై, మధ్యలో కొరియా ఆటగాళ్ళను చేర్చుకుంది. ఆ ఏడాది ఆడిన 40 మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు. ఓటమికి భాష ఒక్కటే కారణం అనలేం. 2021లో అదే జట్టు అందరూ కొరియా వాళ్ళతో ఆడి లీగ్ గెలిచింది. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'లో కొరియా జట్టు 'టీ1' కూడా అందరూ కొరియా వాళ్ళే ఉండి 2023, 2024లలో వరుసగా ప్రపంచ కప్పు ఎత్తింది.

ఇక్కడే అసలు నైతిక ప్రశ్న ఉంది. "భిన్నత్వం గెలిపిస్తుంది కాబట్టి దాన్ని గౌరవించాలి" అంటే, ఓడిన రోజున గౌరవించనక్కర లేదని ఒప్పుకున్నట్టే. మనల్ని పొగిడేవాళ్ళలో చాలామంది ఇలాగే పొగుడుతారు. ధింసా వేదికకు కళ తెస్తుంది కాబట్టి బాగుంది. మన తేనె, కాఫీ అమ్ముడవుతాయి కాబట్టి మన అడవి బాగుంది. పనికొచ్చినంతవరకే ఇచ్చే గౌరవం గౌరవం కాదు, బేరం. మనిషి భాష, మనిషి ఇంటి తీరు గెలుపు కోసం పుట్టినవి కావు. వాటి విలువ స్కోరు బోర్డు మీద తేలేది కాదు.

మరి జట్టు కోసం ఏమీ వదులుకోకూడదా? వదులుకోవాలి. ఆ బరువు ఎవరి భుజాన పడుతోందన్నదే చూడాలి. ఫేజ్ జట్టులో కెనడా వాడికి తప్ప మిగతా నలుగురికీ ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. అందరూ తలా కాస్త మోశారు. 2019లో 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ప్రపంచ కప్పు గెలిచిన చైనా జట్టు 'ఫన్‌ప్లస్ ఫీనిక్స్'లో డోయిన్‌బి అనే కొరియా ఆటగాడు చైనా భాష నేర్చుకుని, ఆ భాషలోనే జట్టును నడిపాడు. అతను కొరియా వాడిగానే ఉన్నాడు. యాసను వెక్కిరించి మూల కూర్చోబెట్టే చోట ఎవరి మాటా జట్టుకు అందదు.

మన తరగతి గదిలో ఏం జరుగుతోంది? ఆరేళ్ళ కోయ పిల్ల ఒక్కతే మొత్తం బరువు మోస్తుంది. తెలుగు నేర్చుకోవాల్సింది ఆమే, తప్పు పలికితే నవ్వులు భరించాల్సింది ఆమే. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని చెబుతోంది. అది అమలు కావాలని అడుగుతూనే, ఈలోగా పంతులు గారు ఇరవై కోయ మాటలైనా నేర్చుకుంటే బరువు రెండు భుజాల మీద పడుతుంది.

అరకు సంతను చూడండి. కొండదొర, కోందు, పోర్జ, బగత, కోటియా వాళ్ళు ఆదివాసీ ఒడియాలో బేరం ఆడుకుంటారు. ఇల్లు చేరాక ఎవరి మాట వాళ్ళది. ఉమ్మడి భాష కొండల మధ్య దారి లాంటిది. ఆ దారిన నడవడానికి ఇంటిని కూల్చుకోనక్కర లేదు.

జట్టుకూ హద్దులున్నాయని మరచిపోకూడదు. ఉక్రెయిన్ సంస్థ 'నావి' కౌంటర్ స్ట్రైక్ జట్టులో ఉక్రెయిన్, రష్యా ఆటగాళ్ళు కలిసి ఆడేవారు, రష్యన్‌లో మాట్లాడుకునేవారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. ఆ నెలాఖరున పోలండ్‌లో ఒక వేదిక మీద వాళ్ళ ఉక్రెయిన్ ఆటగాడు శాంతి కోరి మాట్లాడాడు. కొంతకాలం కలిసే ఆడినా, 2023 నడిమికల్లా రష్యా ఆటగాళ్ళు జట్టులో లేరు. ఆ తర్వాత ఉక్రెయిన్, ఫిన్లాండ్, రొమేనియా, లిథువేనియా ఆటగాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ 2024లో కోపెన్‌హాగెన్ మేజర్ గెలిచారు. అన్యాయం బయట మండుతుంటే ఆట గది తలుపు దాన్ని ఆపలేదు. "అందరం ఒక్కటే" అన్న మాట న్యాయానికి బదులు కాదు.

కాబట్టి యువతకు చెప్పేది ఒకటే. జట్టు భాష బాగా నేర్చుకోండి. అది మీ చేతిలో విల్లు. హెడ్‌సెట్‌లో ఎవరైనా మీ యాసను, మీ తెగను తిడితే, ఆట కదా అని ఊరుకోకండి. మీ స్క్వాడ్‌లోకి కొత్తగా వచ్చినవాడు కోలాం అయినా, లంబాడా అయినా, పట్నం పిల్లాడైనా వాడి మాటను ముందు వినండి. ఉపాధ్యాయులు ఒకటి చేయవచ్చు: ఆట గురించి పిల్లల్ని అడగండి. ఓడినప్పుడు ఎవరిని నిందించారు, ఎవరు మాట్లాడలేకపోయారు అని అడగండి. ఆ జవాబుల్లోనే మన తరగతి గది, మన ఊరు, మన దేశం కనబడతాయి.