వేరు వేరు ద్వారాలు

కంపెనీ సిబ్బందిని తగ్గించుకుంటుంది. పదేళ్ళు పనిచేసిన మనిషి ఇంటికి వచ్చేస్తాడు. 2020లో కరోనా మూలంగా గల్ఫ్ దేశాల నుండి తిరిగొచ్చిన ఎందరో తెలుగు సోదరులు ఈ బాధను చవిచూశారు. పరామర్శకు వచ్చినవారు "సబ్ర్ చేయండి, ఉపాధి ప్రదాత అల్లాహ్ కదా!" అని చెప్పి వెళ్ళిపోతారు. మాట సత్యమే. మరి అల్లాహ్‌పై భారం వేసినవాడు పది చోట్ల ప్రయత్నించడం అతని విశ్వాసంలో లోపమా?

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరా చూడండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ, ఒకే ద్వారం గుండా కాక వేరు వేరు ద్వారాల గుండా ప్రవేశించమన్నారు. అల్లాహ్ నిర్ణయం నుండి తాను వారిని తప్పించలేననీ, ఆయన్నే నమ్ముకున్నాననీ అదే ఆయతులో చెప్పారు. దిష్టి తగలకుండా ఆ సలహా ఇచ్చారని పలువురు వ్యాఖ్యాతలు అంటారు. కారణం ఏదైనా, ఉపాయం ఆయన తవక్కుల్‌కు అడ్డురాలేదు. తర్వాత దుఃఖంతో కళ్ళు తెల్లబడిన స్థితిలో సైతం ఆయన, యూసుఫ్‌నూ అతని సోదరుణ్ణీ వెతకమనీ, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దనీ కుమారులకు చెప్పారు. వెతకడం, ఆశపడడం అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని కూడా ఆయన అన్నారు. దీన్ని చూపి కొందరు ఉద్యోగం పోయిన సంగతిని సొంత అన్నదమ్ముల దగ్గరా దాస్తారు. ఇజ్జత్ అంటారు. మొరపెట్టుకోవడం వేరు, తెలియజేయడం వేరు. ఎవరికీ తెలియకపోతే ఖాళీ ఉన్న చోటు గురించి మీకు చెప్పేదెవరు?

మక్కాలో వర్తకుడైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) హిజ్రత్ చేసి మదీనా చేరారు. దైవప్రవక్త (సఅసం) ఆయనకూ, అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ సోదర బంధం కలిపారు. సఅద్ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడుందని అడిగారు. బనూ ఖైనుఖా బజారు చూపించారు. ఆయన అక్కడ క్రయవిక్రయాలు చేసి కొంచెం జున్ను, కొంచెం నెయ్యి లాభంగా తెచ్చుకున్నారు. మరునాడూ వెళ్ళారు. అంత చిన్న లాభం ఆయనకు నామోషీ అనిపించలేదు.

నిన్నటి సూపర్‌వైజర్ ఇవాళ దుకాణంలో కూర్చుంటే మన బంధువులు నవ్వుతారు. నవ్వనివ్వండి. భయపడవలసింది వేరే ఉంది: నిరాశలో వడ్డీ అప్పుకు సంతకం పెట్టడం. అందుకే మొదటి వారంలోనే భార్యాభర్తలు కలిసి కూర్చొని, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తేలితే, ఏ పనిని కాదనగలరో, ఏ పనికి వెంటనే ఒప్పుకోవాలో కూడా తెలుస్తుంది.