గ్రహణమూ, నాస్తికుడూ

నేను నాస్తికుణ్ణి. ఆ మాట చెప్పుకున్నందుకు ఇంతవరకు నేను చెల్లించిన మూల్యమేమీ లేదు. దేవుణ్ణి గురించి రాసిన రాతకు గోరాగారు 1933లో కాకినాడలో అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్నారు. నాకు మాత్రం నెలనెలా జీతం సక్రమంగా వస్తున్నది. ఈ తేడా ముందే ఒప్పుకుని విషయానికి వస్తాను.

2019 డిసెంబరు 26 ఉదయం సూర్యగ్రహణం. ఆనాడు అనేక పల్లెల్లో పళ్లెంలో నీళ్లుపోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం పట్టింది గనుకనే అది నిలబడిందని చెప్పుకున్నారు. మా కళాశాల మైదానంలో మేమూ ఒక రోకలి నిలబెట్టాం. గ్రహణం విడిచాక, అన్నాల వేళకు, అదే రోకలి మళ్లీ నిలబెట్టాం. అడుగు చదునుగా ఉండి, బరువు ఆ అడుగు దాటి ఒరగకపోతే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. శాస్త్రీయ దృక్పథం మీద నేనొక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

నేను ఉపన్యసిస్తున్న వేళ నా భార్య మా ఇంట్లో చీకటి గదిలో పడుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. తెల్లవారినప్పటినుంచి మంచినీళ్లు ముట్టలేదు, పక్కకు ఒత్తిగిలలేదు. కిటికీకి మా అమ్మ దుప్పటి కట్టింది. నా భార్య భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. గ్రహణం ఎందుకు పడుతుందో నాకంటే బాగా చెప్పగలదు. ఇంటికి వచ్చి, "నువ్వు కూడానా?" అన్నాను కొంచెం వెటకారంగానే. "నాకు రాహువంటే భయం లేదండీ. రేపు బిడ్డకు ఏదన్నా ఐతే జన్మంతా నన్నంటారు. మిమ్మల్ని ఎవరూ అనరు" అన్నది.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక ఒక మాట దగ్గర ఆగుతాను. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాష పెట్టిన పేరు గ్రహణం మొర్రి. ఆ రోగం పేరులోనే నేరారోపణ ఉంది. నేరం చేసింది తల్లి. ఆ పూట గడప దాటింది, కత్తిపీట ముట్టింది, కూర తరిగింది. తండ్రి ఏం చేసినా ఈ మాటలో అతనికి చోటు లేదు. నిజానికి బిడ్డ పై పెదవి మూడో నెల దాటకముందే ఏర్పడిపోతుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి అక్కడ చేయడానికి పనే లేదు.

మత విశ్వాసానికి మూలం అజ్ఞానమనీ, విజ్ఞానం వ్యాపిస్తే అది తనంత తానే తొలగిపోతుందనీ మన మిత్రులు చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మాను. కాని గ్రహణం నీడల వల్లనేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. పంచాంగకర్త ఆ లెక్కతోనే పట్టు విడుపులు నిమిషాలతో సహా కడతాడు, ఆ పుటలోనే ఏ రాశివారు చూడరాదో కూడా రాస్తాడు. బ్రహ్మగుప్తుడి సంగతి ఇంకా విచిత్రం. 628 నాటి తన గ్రంథంలో రాహువును కాదన్నవాళ్లను మందలించాడు. తన లెక్కలు మాత్రం నీడలతోనే చేశాడు. తెలిసి తెలిసే, పండితవర్గంతో విరోధం పెట్టుకోలేక అలా రాసి ఉంటాడని 11వ శతాబ్దంలో అల్ బెరూనీ అనుమానించాడు. ఆ అనుమానం నాకు సబబనిపిస్తుంది. లోపించింది జ్ఞానం కాదు.

మరొకటి చూడండి. గ్రహణానికి తిరుమల ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. రెండుచోట్లా మొక్కే భక్తుడికి ఇందులో వైరుధ్యమేమీ కనిపించదు. అతడు అనుసరిస్తున్నది సిద్ధాంతాన్నైతే కదా! నలుగురూ చేసేది చేస్తున్నాడు. చేయకపోతే ఆ నలుగురూ ఏమంటారో అతనికి తెలుసు.

మతాన్ని మార్క్సు నల్లమందు అన్నాడని మన సభల్లో తరచూ వినిపిస్తుంది. 1844 నాటి ఆ వ్యాసంలో, ఆ మాటకు ముందే, మతంలో పీడితుల నిజమైన బాధ పలుకుతున్నదని కూడా ఆయన చెప్పాడు. ఆ సగం మనం వదిలేస్తాం. అలాగని అన్ని భయాలనూ ఒకే గాటన కట్టను. 2023 జూలైలో చంద్రయాన్-3 నమూనాను శాస్త్రజ్ఞులు తిరుమలకు తీసుకువెళ్లారు. దాన్ని నేను విమర్శిస్తాను. వారికి హోదా ఉంది, దేశం వారిని చూస్తున్నది. చీకటి గదిలో పడుకున్న మనిషికి అదేమీ లేదు.

సరస్వతీ గోరాగారు గర్భవతిగా ఉండి గ్రహణంలో బయట తిరిగారు. దీన్ని మనం గోరాగారి ఘనతగా చెప్పుకుంటాం. ధైర్యం ఆమెది. ఆయన ఆమె పక్షాన నిలబడ్డారు. నేను మైదానంలో రోకలి పక్కన నిలబడ్డాను.

పాప పుట్టినప్పుడు మా అమ్మ ముందుగా పెదవి చూసింది. నేనూ ముందుగా అక్కడే చూశాను.

అమ్మ సంగతి ఆ తర్వాత మా మేనత్త చెప్పింది. 1980 ఫిబ్రవరి 16న మన నేలమీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేసుకున్న పూట అది. అమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. తాడు తెంపుకున్న దూడను కట్టేయడానికి దొడ్లోకి వెళ్లిందట. పుట్టిన మగబిడ్డకు మొర్రి. పాలు తాగలేక నెల తిరక్కుండానే పోయాడు. బతికున్నంతకాలం మా నాయనమ్మ ఆ దూడ మాట ఎత్తుతూనే ఉండేదట. అమ్మ కిటికీకి దుప్పటి ఎందుకు కట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. కోడలికి ఆ మాట రాకూడదని.

పెదవి ఎప్పుడు ఏర్పడుతుందో ఏటేటా విద్యార్థులకు చెబుతున్నాను. అమ్మకు చెప్పలేదు. పెద్దావిడ, ఆమె విశ్వాసం ఆమెది అని సరిపెట్టుకున్నాను. దానికి సహనం అని పేరు పెట్టుకున్నాను కూడా. నిరుడు ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. మూడో నెలకే అంతా అయిపోతుందమ్మా, దూడకూ దానికీ సంబంధం లేదమ్మా అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నాయనమ్మ ఉండగా ఈ మాట ఎవరూ చెప్పలేదేమిరా?" అన్నది.