కుమ్మరివాని గాడిద

గడచిన శీతకాలమున ఒక ఆదివారమునాడు, మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఆష్‌లాండులో కొడుకు ఇంట నున్న మా అక్కయ్య, వంటింటిలో బియ్యము కడుగుచుండగా, కుడిచేతి చూపుడువేలిలో తేలు కుట్టినట్లు చురుక్కుమనెనట. చేయి వెలికిదీసి చూచుకొనునప్పటికే వేలి లోపలివైపు, మొదటి కణుపు మొదలు నడిమి కణుపు దాటువరకు, నేరేడుపండు రంగునకు తిరిగి, ఉబ్బి, వంచరాకుండ నుండెను. ఆ వేలు తలుపుసందున పడలేదు. దానికి కత్తిపీట తగులలేదు. ఇంట ఎవరును ఒక కటువైన మాటయైన ఆడియుండలేదు. గోరును, వేలికొనయు మాత్రము ఆ సంగతి తమకేమియు తెలియనట్లు ఎప్పటి రంగుననే యుండెను. ఆమె వేలిని పమిటచెంగున దాచుకొని, కుక్కరు పొయ్యిమీద పెట్టి, కొడుకు అడుగువరకు ఎవరికిని చెప్పలేదు. చెప్పకపోవుటకు ఆమెకు వేరొక కారణము కలదు గాని అది తరువాత వచ్చును.

ఆసుపత్రిలో ఆమెను చూచిన నర్సు మొట్టమొదట చేసిన పని, కొడుకును గది వెలుపలికి పంపి, టెలిఫోనులో ఒక తెలుగు దుబాసీని పిలిపించి, ఇంటిలో ఎవరైన చేయి చేసికొనుచున్నారా అని మెల్లగా అడుగుట. కమిలిన చేతితో వచ్చిన స్త్రీని ఒంటరిగా నుంచి ఆ ప్రశ్న వేయుట అమెరికా ఆసుపత్రులలో తరచు జరుగునదే. అది మంచి ఆచారమే, దానివలన బ్రతికి బయటపడిన ఆడువారు ఎందరో యుందురు. మా అక్కయ్యకు మాత్రము తల కొట్టివేసినట్లయ్యెను. "నా కొడుకు బంగారం, వాడి మీద ఆ అనుమానమేమిటి?" అని దుబాసీ నోటనే నర్సును నిలదీసినదట. పిమ్మట నెత్తురు పరీక్షలు జరిగెను. ప్లేట్‌లెట్లు సరిగా నున్నవి, నెత్తురు గడ్డకట్టు కాలము సరిగా నున్నది, చేతి నాడి చక్కగా కొట్టుకొనుచున్నది. వైద్యుడు వచ్చి, ఇది ఆఖెన్‌బాఖ్ సిండ్రోమ్ అనియు, నిరపాయకరమనియు, మందక్కరలేదనియు, కొలదిదినములలో తనంతట పోవుననియు, మరల ఎన్నడైన రావచ్చుననియు చెప్పెను. కారణమేమని అడుగగా తెలియదనెను.

ఆసుపత్రినుండి మరలు దారిలో కారులో ఆమె నాతో అన్నమాట ఇది: "కారణం తెలీదట, భయమూ లేదట. ఈ రెండూ ఒకచోట ఎలా పొసుగుతాయిరా తమ్ముడూ?"

ఈ వ్యాసమునకు మూలము ఆ ప్రశ్నయే. వాల్టర్ ఆఖెన్‌బాఖ్ అను జర్మను వైద్యుడు 1950 దశకము చివర వర్ణించిన ఈ స్థితి ఎక్కువగా నడివయస్సు దాటిన స్త్రీలకు వచ్చును. చూపుడువేలును, నడిమివేలును దాని కిష్టమైన స్థానములు. వచ్చునప్పుడు మంట, వచ్చిన పిదప నీలము, నాలుగైదు దినములకో వారమునకో మాయము. చర్మము క్రింది సన్నని నెత్తురు నాళమొకటి చిట్లునని తలంతురు. అది ఆ వేలిలో, ఆ క్షణమందే ఏల చిట్లవలెనో చెప్పగల పరీక్ష లేదు. వైద్యమునకు ఇట్టి అజ్ఞానము క్రొత్త కాదు. అయితే ప్రాణభయము గల రోగమైనచో మనుజుడు కారణమును మరచి నివారణము కొరకు పరుగెత్తును. ఇచ్చట నివారణముతో పని లేదు గనుక కారణచింత యొక్కటే మిగిలి, తీరికగా కూర్చుండి, మనస్సును తొలుచును. తత్త్వవిచారమునకు మృత్యువుకంటె ఈ నిరపాయకరమైన నీలిమయే మేలైన అదనని నాకు తోచినది.

మరునాడు మా అక్కయ్య తన కారణమును తానే కనుగొన్నది; కాదు, వేలు నీలమైన క్షణముననే కనుగొని దాచుకొన్నది. నలువది యేండ్ల క్రిందట, అమలాపురములో, ఆమె అత్తగారు తడిచేయి ఆవకాయ జాడీలో పెట్టబోగా, బూజు పట్టునను ఆత్రుతలో కోడలు ఆ చేతిమీద ఫెడీలున కొట్టినదట. తగిలినది చూపుడువేలికే. ఆ ముసలామె ఒక్కమాట అనక వసారాలోకి పోయి కూర్చుండెను. "ఆవిడ ఉసురే తగిలింది" అని మా అక్కయ్య నిశ్చయించి, ఆష్‌లాండులోని శ్రీలక్ష్మీ దేవాలయమున అర్చన చేయించవలెనని నన్ను తోడు రమ్మన్నది.

వెళ్ళితిమి. అర్చనకు నేనెన్నడును అడ్డు చెప్పువాడను కాను. కాని వేలికిని ఆ దెబ్బకును ఆమె వేసిన ముడి నాకు మింగుడుపడలేదు. ఏలయన ఆసుపత్రి నర్సు వేసిన ముడియు ఇట్టిదే. ఇద్దరును నీలమైన వేలిని చూచి, "ఎట్లు జరిగినది?" అని అడుగవలసిన చోట "ఎవరిది తప్పు?" అని అడిగిరి. ఒకరు కొడుకును అనుమానించిరి, ఒకరు తన్ను తానే అనుమానించుకొనిరి.

ఈ పొరపాటు చదువురాని వారిది మాత్రమే యని ఎవరైన అనుకొందురేమో. 1955లో బోస్టను వైద్యులు ఫ్రాంక్ గార్డ్‌నర్, లూయీ డైమండ్ అనువారు, ఒంటిమీద అకారణముగా నొప్పితో కూడిన నీలిమచ్చలు తేలు నలుగురు స్త్రీలనుగూర్చి ప్రకటించిరి. ఆ స్త్రీల నెత్తుటినే మరల వారి చర్మము క్రింద సూదితో ఎక్కించగా అట్టి మచ్చలే తేలినవి గనుక, తమ ఎర్రకణములే తమకు సరిపడని స్థితి యిది యని వారు ఊహించిరి. ఇది మా అక్కయ్యకు వచ్చినదానికి దూరపు చుట్టమేగాని అదే కాదు. పిమ్మట 1968లో రాట్నాఫ్, ఏగిల్ అను వైద్యులు ఇట్టి రోగులను మరల పరిశీలించి, వారి జీవితములలో దుఃఖములును, అణచుకొన్న కోపములును విరివిగా కనబడుటచే, దానికి మనస్సునుండి పుట్టిన నీలిమ యను అర్థము గల పేరు పెట్టిరి. వారి పరిశీలన శ్రద్ధతో చేసినదే. కాని నలుబది, ఏబది యేండ్లు సంసారమీదిన ఏ స్త్రీ నడిగినను దుఃఖమును, దిగమ్రింగిన కోపమును లేకుండునా? అవి లేని స్త్రీని తెచ్చి ప్రక్కన నిలిపిననే గదా పోలిక తేలునది! అంతవరకు, ఎర్రకణములమీద నున్న నేరము ఆమె మనస్సుమీదికి జరిగినది. మన పల్లెలలో పూర్వజన్మమందురు, అచ్చట అంతశ్చేతన మనిరి.

ఆష్‌లాండునుండి తూర్పుగా, బోస్టను మారథాను పరుగు సాగు బాటనే పోయినచో, నేనుండు ఫ్రామింగ్‌హామ్ వచ్చును. 1948 మొదలుకొని ఈ యూరి స్త్రీపురుషులను 5,209 మందిని ఎన్నుకొని, వారి గుండెలను ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చిరి. రక్తపోటు, కొలెస్ట్రాలు మున్నగువానిని 'రిస్క్ ఫ్యాక్టర్' అను మాటతో లోకమునకు తెలిపినది 1961లో ఆ పరిశోధనయే. అది చెప్పినది సంభావ్యత మాత్రమే. వేయిమందిలో ఇందరికి రావచ్చునని. జనులు దానిని చిత్రగుప్తుని చిట్టాగా మార్చుకొనిరి. గుండెపోటు వచ్చిన వాని మంచము ప్రక్క నిలిచి, "బాగా నెయ్యి వేసికొనెడివాడా?" అని అడుగువారిని నేను ఎందరినో చూచితిని, తెలుగువారిలోను తెల్లవారిలోను.

మన తార్కికులు ఈ చోట మనకు మంచి ఆయుధమొకటి ఇచ్చిరి. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు, పదునేడవ శతాబ్దివాడు. కార్యమునకు ముందు తప్పక ఉండి, దానికి నిజముగా అక్కరకు వచ్చునదే కారణమని ఆయన సంప్రదాయము. ముందు ఉన్నంత మాత్రమున చాలదు. కుండకు మన్ను కారణము, చక్రము కారణము, కుమ్మరి కారణము. ఆ మన్నును మోసికొని వచ్చిన గాడిద కారణము కాదు, ఏలయన బండి మోసినను కుండ కుండయే యగును. కుమ్మరి తండ్రియు కారణము కాడు. ఇట్టివానికి 'అన్యథాసిద్ధము' లని పేరు పెట్టి తార్కికులు వెలుపలికి తోలివేసిరి. మా అక్కయ్య కొట్టిన దెబ్బ నిజము. అది వేలు నీలమగుటకు ముందే జరిగినది, నలువది యేండ్ల ముందు. జాడీలో చేయి పెట్టబోవు అత్తలను అదలించిన కోడండ్రు తెలుగుదేశమున లక్షలమంది యుందురు. వారందరి వ్రేళ్ళును నీలము కాలేదు. తెల్లవారి ఆడువారికి ఆవకాయ జాడీ యన నేమో తెలియదు. వారి వ్రేళ్ళు నీలమైనవి. ఆ దెబ్బ గాడిద.

ఇచ్చట పండితుడొకడు నన్ను ఆపవచ్చును: తార్కికులే గదా అదృష్టమును, అనగా పుణ్యపాపముల సంస్కారమును, కార్యములన్నింటికిని కారణముగా చెప్పినది! ముళ్ళకు వాడి ఎవరు పెట్టిరి, అది అకారణము గాదా యను వాదమును గౌతముడు న్యాయసూత్రములలోనే ఎత్తి త్రోసివేయలేదా? కారణము లేనిదే ఏదియు పుట్టినచో ఎల్లప్పుడును పుట్టవలెను, లేదా ఎన్నడును పుట్టరాదని ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో వాదించి, అచ్చటినుండి అదృష్టమునకును, ఈశ్వరునకును మెట్లు కట్టలేదా? నిజమే. వైద్యుని 'తెలియదు' అను మాటకు 'లేదు' అని అర్థము కాదని నేనును అందును. కాని అదృష్టమును వారు సాధారణకారణములలో లెక్కించిరి. దేశమును, కాలమును, ఈశ్వరేచ్ఛయు దాని పంక్తిలోనివి. అన్నింటికిని సాధారణమైనదానిని చూపి ఒక్కదాని విశేషమును ఎట్లు చెప్పగలము? వాన కురిసినను అదృష్టమే, ఎండ కాసినను అదృష్టమే యైనప్పుడు, చూపుడువేలే ఏల, ఆదివారమే ఏల యనుటకు అది బదులు కాజాలదు. అత్తగారి ఉసురు అట్లుగాక ఒక మనిషికి, ఒక వేలికి, ఒక దెబ్బకు లెక్క కట్టును. కర్మసిద్ధాంతము నమ్ముట వేరు. ఏ కర్మకు ఏ ఫలమో మనమే ఖాతా వ్రాయుట వేరు. రెండవదానికి శాస్త్రము మనకు అధికారమిచ్చినట్లు నేను చదువలేదు.

కమిలిన కాలిని గూర్చి బౌద్ధవాఙ్మయమున ఒక కథ కలదు. దేవదత్తుడు గుట్టమీదినుండి బండ దొర్లింపగా, దాని తునుక బుద్ధుని పాదమునకు తగిలెను. తథాగతుని చర్మమును ఎవరును చీల్చజాలరను విశ్వాసముచే, నెత్తురు వెలికి రాక చర్మము క్రిందనే ఒకచోట చేరెనని పాళీ వ్యాఖ్యాతలు వ్రాసిరి. మన మాటలో వేలు కమిలినట్లే. పాపములన్నిటిని దహించుకొన్నవానికి ఈ బాధ ఎట్లు కలిగెనని మిళిందరాజు నాగసేన భిక్షువును అడిగెను. వేదనలన్నియు కర్మఫలములే యనుట సరి కాదని, వాతము, పిత్తము, శ్లేష్మము, వాని కలయిక, ఋతువుల మార్పు, నడవడిలోని పొరపాటు, ఇతరుల దౌర్జన్యము, కర్మము అని ఎనిమిది కారణములు కలవని, అందులో కర్మముచే కలుగునది కొంచెమే యని నాగసేనుడు చెప్పెను. ఎంత గట్టి సమాధానము! కాని జనుల మనస్సు దానితో తృప్తి చెందలేదు. అదే పాళీ వాఙ్మయమున అపదానమను గ్రంథములో, బుద్ధుడు పూర్వజన్మమున ధనాశచే సవతి తమ్ముని బండతో చంపెననియు, ఈ తునుక దాని శేషఫలమనియు వేరొక కథ చేరినది. బండ దొర్లించినవాడు కన్నులయెదుట నిలిచియుండగా, దెబ్బ తిన్నవానిలోనే నేరమును వెదకిరి!

ఫ్రామింగ్‌హామ్ దాటిన ఆ బాటలోనే నాటిక్ కలదు. అచ్చటి యూదుల దేవాలయమున రబ్బైగా నుండిన హెరాల్డ్ కుష్నర్ కుమారునకు, శైశవముననే ముసలితనము తెచ్చు ప్రొజేరియా యను వ్యాధి వచ్చి, పదునాలుగవ యేట ఆ బాలుడు పోయెను. మంచివారికి చెడు ఏల కలుగునను ప్రశ్నమీద ఆయన 1981లో ప్రకటించిన గ్రంథము అమెరికా అంతట చదువబడినది. బాలుని వ్యాధి దేవుని శిక్ష కాదనుటకై, దేవుని సర్వశక్తిమత్త్వమునే ఆయన తగ్గించుకొనెను. అంత పెద్ద మూల్యమును చెల్లింపవలెనా యని నాకు సందేహము కలదు. మన తార్కికుని గాడిదతో అంతకంటె చౌకగా పని జరుగునని నా అభిప్రాయము. అయినను, పుత్రుని పాతిపెట్టిన తండ్రి యెదుట చౌక, మూల్యము అను మాటలు నాకు ఒప్పవు; ఆ మాట వెనుకకు తీసికొనుచున్నాను.

నాలుగవనాటికి వేలి నీలము పచ్చనై, అయిదవనాడు పసుపై, వారము తిరుగకుండ చర్మము రంగులో కలిసిపోయెను. ఆ సాయంకాలము నేను వెళ్ళి, మా అక్కయ్య ప్రక్క కూర్చుండి, గాడిద కథయు, నాగసేనుని కథయు వివరముగా చెప్పితిని. అత్తగారికి తగిలిన దెబ్బకును ఈ వేలికిని సంబంధము లేదని నాకు చేతనైనంత నిరూపించితిని. ఆమె కంది పప్పులోని రాళ్ళేరుచు, అడ్డు చెప్పక, చివరివరకు విన్నది. విని, చేట ప్రక్కన పెట్టి, వేలిని దీపమువైపు త్రిప్పి చూచుకొని ఇట్లన్నది:

"అంటే, ఆ దెబ్బకి శిక్ష ఇంకా పడలేదన్నమాట."