సంఖ్య, సమ్మతి

ప్రజాస్వామ్యమంటే అధికసంఖ్యాకుల పాలన అని మనం సామాన్యంగా చెప్పుకొంటాము. మాట సులభమే కాని అందులో ఒక చిక్కు ఉన్నది. పదిమందిలో ఆరుగురు ఒక దారి అన్నారు, నలుగురు మరొక దారి అన్నారు. ఆరుగురి మాట నెగ్గడం లెక్కకు సంబంధించిన విషయం. ఆ నలుగురు దానికి ఎందుకు తలవంచాలన్నది ధర్మానికి సంబంధించిన విషయం. మొదటిది తెలిసినంత మాత్రాన రెండవది తెలిసినట్లు కాదు.

ఓడినవాడు ఓటమిని అంగీకరించడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. రేపు తనకూ ఒక రోజు వస్తుందన్న ఆశ మొదటిది. తన మాట విన్న తరువాతనే నిర్ణయం జరిగిందన్న తృప్తి రెండవది. ఓడినా తాను ఆ ప్రజలలో ఒకడేనన్న నమ్మకం మూడవది. సాధారణమైన ఎన్నికలలో మొదటి కారణమే చాలావరకు పని నడుపుతుంది. ఈసారి ఓడిన పక్షం వచ్చేసారి గెలవవచ్చు. కాని ఒక దేశం ఒక సమాఖ్యలో ఉండాలా, విడిపోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ నిర్ణయాన్ని అయిదేండ్లకొకసారి తిరగవ్రాయడం సాధ్యం కాదు. అప్పుడు బరువంతా తక్కిన రెండు కారణాల మీద పడుతుంది. అవి ఆ బరువును మోయలేకపోతే ఏమవుతుందో బ్రిటన్ అనుభవం మనకు చూపుతున్నది.

బ్రిటన్ 1973 జనవరి 1న ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. 1975 జూన్‌లో, అందులో కొనసాగాలా వద్దా అని ప్రజలను అడగగా, వోటు చేసినవారిలో నూటికి 67 మంది కొనసాగాలన్నారు. ఆ సమాజమే కాలక్రమాన ఐరోపా సమాఖ్యగా పెరిగింది. చాలామంది బ్రిటిష్ పౌరులు వర్తకపుటొడంబడికగా భావించిన సంబంధం, శాసనాల వరకు, ఒక దేశపు పౌరుడు మరొక దేశంలో స్వేచ్ఛగా నివసించి పనిచేసుకొనే హక్కు వరకు విస్తరించింది. 2016 జూన్ 23న ప్రశ్నను మళ్ళీ ప్రజల ముందు పెట్టారు. విడిపోదామన్నవారు 1,74,10,742 మంది. ఉందామన్నవారు 1,61,41,241 మంది. నూటికి 51.9 ఒకవైపు, 48.1 మరొకవైపు.

ఈ రెండు అంకెల వెనుక ఎన్నో చీలికలు ఉన్నవి. ఇంగ్లండు, వేల్సు విడిపోదామన్నవి. స్కాట్లండులో నూటికి 62 మంది, ఉత్తర ఐర్లండులో దాదాపు 56 మంది ఉందామన్నారు. లండన్‌లోని లాంబెత్‌లో ఉందామన్నవారు నూటికి 78 మందికి పైబడగా, తూర్పు ఇంగ్లండులోని బోస్టన్‌లో విడిపోదామన్నవారు 75 మందికి పైబడ్డారు. యువకులలో అధికులు ఒకవైపు, వృద్ధులలో అధికులు మరొకవైపు నిలిచారు. ఒకే ఇంటిలో తండ్రీ కొడుకులు చెరొక వైపు వోటు చేశారు.

విడిపోదామన్న వోటు కూడా ఒకే కోరిక కాదు. ఒకడు తన శాసనాలు తన పార్లమెంటే చేయాలన్నాడు. మరొకడు వలస వచ్చేవారు తగ్గాలన్నాడు. వేరొకడు గనులు, కర్మాగారాలు మూతపడిన తన ఊరిని లండన్ పట్టించుకోవడం లేదన్న కసిని ఆ కాగితం మీద వేశాడు. ప్రపంచమంతటితోను నిరాటంకంగా వర్తకం జరగాలన్నవాడూ, ప్రపంచపు పోటీనుండి తన పనిని కాపాడమన్నవాడూ ఒకే గడిలో గుర్తు పెట్టారు. బ్రిటన్‌లో మన కూరలు వడ్డించే భోజనశాలల యజమానులు, వారిలో ఎందరో సిల్హెట్ ప్రాంతీయులు, కొందరు విడిపోవడాన్ని సమర్థించారు. ఐరోపానుండి వచ్చేవారు తగ్గితే మన ఉపఖండంనుండి వంటవారిని రప్పించుకోవడం సులభమవుతుందని వారు ఆశపడ్డారు. వలసలు తగ్గాలన్న వోటుతోబాటు వలసలు రావాలన్న ఈ వోటు కూడా కలిసి ఒకే మొత్తంగా లెక్కకు వచ్చింది.

సిల్హెట్ పేరు వచ్చింది గనుక, ఆ జిల్లా చూసిన మరొక ప్రజాభిప్రాయ సేకరణను తలచుకోవడం అప్రస్తుతం కాదు. 1947 జూలైలో, బ్రిటిష్ పాలన ముగిసే నాళ్ళలో, అస్సాంలో ఉంటారా, తూర్పు బెంగాలులో, అంటే పాకిస్థాన్‌లో, చేరతారా అని అక్కడి ప్రజలను అడిగారు. 2,39,619 మంది చేరతామన్నారు. 1,84,041 మంది ఉంటామన్నారు. ఆ జిల్లాలోని తేయాకు తోటల కూలీలలో అత్యధికులకు ఆ వోటు లేదు. తరాల క్రితం సంతాల్, ఒరియా, తెలుగు ప్రాంతాలనుండి వెళ్ళిన ఆ కుటుంబాలను స్థిరనివాసులుగా లెక్కించలేదు. తాము నివసించే నేల ఏ దేశమవుతుందో ఇతరులు నిర్ణయించారు.

బ్రిటన్ ఓటమికీ సిల్హెట్ దుఃఖానికీ పోలిక లేదు. దేశవిభజన వేళ ఇండ్లు విడిచినవారి బాధను దేనితోను తూచకూడదు. కాని రెండు చోట్లా ఒక ప్రశ్న సమానమే: ప్రజలు అంటే ఎవరు? 2016లో కామన్వెల్తు పౌరుడైనందువల్ల, బ్రిటన్‌లో నివసించే భారతీయునికి వోటు ఉన్నది. అదే వీధిలో ఇరవై యేండ్లుగా కాపురముండి పన్నులు కట్టే ఫ్రెంచివానికి, పోలెండువానికి లేదు. వారి భవిష్యత్తే ఆ నిర్ణయంమీద ఎక్కువగా ఆధారపడి ఉన్నది. లెక్కించడానికి ముందే, ఎవరిని లెక్కించాలో ఎవరో ఒకరు నిర్ణయించి ఉంటారు. ఆ నిర్ణయాన్ని సంఖ్య చేయలేదు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. వోటు జరిగిన మరునాడే ప్రధాని డేవిడ్ కామెరాన్ పదవినుండి తప్పుకుంటానని ప్రకటించారు. ఆయన తరువాత వచ్చిన థెరిసా మే కుదుర్చుకొన్న ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటు 432 వోట్లతో త్రోసివేసింది, అనుకూలించినవి 202. అదే ఏడు మార్చి 27న ఎనిమిది మార్గాంతరాలను సభ ముందుంచితే ఒక్కదానికీ ఆధిక్యం రాలేదు. విడిపోవాలని చెప్పిన వోటు ఎట్లా విడిపోవాలో చెప్పలేదు. చివరకు 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను విడిచింది.

ఈ మూడున్నరేండ్లలో దేశానికి తగిలిన గాయం ఆలస్యంవల్ల తగిలినది మాత్రమే కాదు. గెలిచినవారిలో కొందరు 'ప్రజల ఆజ్ఞ' అన్న మాటను పట్టుకొన్నారు. 52 మంది ప్రజలైతే తక్కిన 48 మంది ఏమైనట్లు? విడిపోయే ప్రక్రియకు పార్లమెంటు అనుమతి కావాలని 2016 నవంబరులో తీర్పు చెప్పిన న్యాయమూర్తులను ఒక పత్రిక ప్రజాశత్రువులని ముద్రించింది. ఓడినవారిలోనూ ఎందరో తక్కువ తినలేదు. ఎదుటిపక్షం చదువులేనిదనీ, మోసపోయినదనీ, పరజాతిద్వేషంతో నిండినదనీ తీర్మానించుకొన్నారు. వారానికి 35 కోట్ల పౌండ్లు ఐరోపాకు పోతున్నవని బస్సుమీద వ్రాసిన ప్రచారం తప్పుదారి పట్టించినదే. కాని కోటీ డెబ్బదినాలుగు లక్షలమంది ఒక బస్సును చూసి మోసపోయారనుకోవడం, వారికి సొంత ఆలోచన లేదనడమే అవుతుంది. ఒకరు ఎదుటివారి పౌరత్వాన్ని త్రోసివేశారు, మరొకరు ఎదుటివారి బుద్ధిని త్రోసివేశారు. నేను చెప్పిన మూడు కారణాలలో రెండవదీ మూడవదీ ఇట్లా కూలినవి.

వోటుకు వారం ముందు, 2016 జూన్ 16న, జో కాక్స్ అనే పార్లమెంటు సభ్యురాలిని ఒక జాతిద్వేషి తన నియోజకవర్గంలోనే హత్య చేశాడు. ఆమె సమాఖ్యలో ఉండాలన్న పక్షంవారు. ఆ నేరాన్ని ఒక పక్షపు ప్రజలందరికీ అంటగట్టడం అన్యాయం. అయినా, ఎదుటివాడు పొరబడినవాడు కాడు, ద్రోహి అన్న భాష ఒకసారి వాడుకలోకి వస్తే, అది ఎవరి చెవిని పడుతుందో, వాని చేత ఏమి చేయిస్తుందో చెప్పినవారి అదుపులో ఉండదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. ఓడినవారి మనసు నొప్పించకుండానే నడుచుకోవాలంటే, ఇక వోటు ఎందుకు? గెలుపు గెలుపే కదా? ఇది బలమైన వాదం. ఒక్క వోటు ఆధిక్యం కూడా ఆధిక్యమే, దానిని కాదంటే అల్పసంఖ్యాకుల పాలన మిగులుతుంది. కాని ఏమి చేయాలన్నది గెలిచినవారు నిర్ణయించవచ్చు, ఎట్లా చేయాలన్నదానిలో ఓడినవారికీ పాలు ఉన్నది. ఇంటిని అమ్మాలని అన్నదమ్ములలో అధికులు తీర్మానించవచ్చు; అందులో పడుకొని ఉన్న తమ్ముని సామాను వీధిలో పారవేసే అధికారం ఆ తీర్మానంవల్ల రాదు.

ఈ పాఠం బ్రిటన్‌కు తెలియనిది కాదు. 1998లో ఉత్తర ఐర్లండులో, దశాబ్దాల రక్తపాతం తరువాత, ఒక శాంతి ఒప్పందం కుదిరింది. ముందు ఒప్పందపు పాఠాన్ని ఇంటింటికీ పంపారు, తరువాత వోటు అడిగారు. నూటికి 71 మంది సమ్మతించారు. ఆ ఒప్పందం ప్రకారం ప్రభుత్వంలో ఉభయవర్గాలకూ పాలు ఉండాలి. ముఖ్యమైన నిర్ణయాలకు ఉభయుల సమ్మతి కావాలి. ఆ ఏర్పాటు నిదానంగా నడుస్తుంది, తరచు ఆగిపోతుంది. అయినా, ఒకరి సంఖ్య మరొకరి భయం కాకూడదన్న గ్రహింపు దాని పునాదిలో ఉన్నది. 2016లో ఆ క్రమం తలక్రిందులైంది: మొదట వోటు, తరువాత దాని అర్థంకొరకు వెదుకులాట. ఆ వెదుకులాట చివరకు ఐర్లండు సరిహద్దు దగ్గరకే వచ్చి చిక్కుపడడం విచిత్రమేమీ కాదు.

2024లో అధికారానికి వచ్చిన లేబరు ప్రభుత్వం కూడా సమాఖ్యలో తిరిగి చేరబోమనే ప్రకటించింది. నిర్ణయం నిలిచింది. దానితో జీవించడమెట్లా అన్న ప్రశ్న కూడా నిలిచే ఉన్నది. ఓడినవారు తీర్పును అంగీకరించడం ఒక ఋణం; వారు దానిని ఆలస్యంగానైనా తీర్చారు. గెలిచినవారి ఋణం ఇంకా పెద్దది. తాము కోరినది లభించిన తరువాత, దానిని కోరనివారికి ఆ దేశం ఇప్పటికీ తమదేనని అనిపించేటట్లు చేయడం ఆ ఋణం. దానిని ఏ వోటూ మాఫీ చేయలేదు. వోట్ల లెక్క ఒక రాత్రిలో ముగుస్తుంది; సమ్మతిని మాత్రం ప్రతి తరంవారూ ఒకరినుండి ఒకరు అడిగి తెచ్చుకోవలసి ఉంటుంది.